రోళ్లపాడు బీళ్ళలో గద్దలను చూడాలంటే ఏ వేళకి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ నుంచి కర్నూలు వచ్చి, అక్కడి నుంచి రోళ్లపాడు అభయారణ్యానికి వెళ్ళామని మీరు రాశారు. పదకొండింటి నుంచి రెండింటి దాకా తిరిగినా బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనబడలేదని, కృష్ణజింకలు మాత్రం బోలెడు కనిపించాయని అన్నారు. ఐదారు గద్దలు కనబడ్డా అన్నీ ఒకేలా గోధుమ రంగులో ఉండి ఏది ఏమిటో తేల్చుకోలేకపోయారు. ఒకదానికి తోక మొదట్లో తెల్లటి పట్టీ ఉందట, అదేమిటని అడిగారు. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, బైనాక్యులర్ ఏది కొనాలి, ఎనిమిదేళ్ళ పాపను వెంట తీసుకెళ్ళొచ్చా అన్నవి మిగతా ప్రశ్నలు.

నెల సరిగ్గానే ఎంచుకున్నారు, వేళ ఒక్కటే కుదరలేదు. నాది నందికొట్కూరు వైపు. పాతికేళ్ళకు పైగా ప్రతి చలికాలం ఆ బీళ్ళలో కొన్ని సాయంత్రాలైనా కూర్చుంటున్నాను. అక్కడ చూడాల్సిన వాటిలో అన్నిటికన్నా గొప్పది సాయంత్రం ఐదు దాటాక మొదలవుతుంది. మీరు రెండింటికే వెనక్కి తిరిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ తెల్ల పట్టీ సంగతి. మీరు చూసింది పిల్లిగద్ద. ఇంగ్లీషులో హ్యారియర్ అంటారు. నడుము దగ్గర, తోక మొదలయ్యే చోట తెల్లగా ఉండి ఒళ్ళంతా గోధుమ రంగులో ఉంటే అది ఆడదో, లేక ఆ ఏడాది పుట్టిన పిల్లో అయి ఉంటుంది. మగవి బూడిద రంగులో, దూరం నుంచి దాదాపు తెల్లగా కనిపిస్తాయి. ఆడా మగా పక్కపక్కన ఎగురుతున్నా రెండూ ఒకే జాతి అని కొత్తవాళ్ళకి తట్టదు. వేటాడే పక్షుల్లో చాలావాటికి ఉన్నట్టే ఇక్కడా ఆడదే పెద్దది.

ఇవి మన ఊరి గద్దలు కావు. ముఖ్యంగా కజకిస్తాన్, దక్షిణ రష్యా ప్రాంతాల గడ్డి మైదానాల్లో నేల మీద గూడు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. అక్కడ మంచు మొదలయ్యే ముందు బయలుదేరి సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో మన వైపు చేరతాయి. మార్చి, ఏప్రిల్‌కల్లా వెళ్ళిపోతాయి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే ఈ పక్షి, వీటిలో మాంటేగ్స్ హ్యారియర్ అనే జాతి మగది అయితే, బరువు పావు కిలోకి కాస్త ఎక్కువ. రెక్కలు చాపితే మాత్రం మీటరుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంత తేలికైన ఒళ్ళు, అంత పొడవు రెక్కలు కాబట్టే రెక్క ఊపకుండా గడ్డి మీద అంతసేపు తేలగలుగుతుంది.

ఇక మీ అసలు ఇబ్బంది, ఏది ఏమిటో తెలియకపోవడం. గద్దల్ని రంగు చూసి గుర్తుపట్టాలనుకుంటే ఎవరికైనా టెన్షనే. వయసుని బట్టి, ఆడా మగా తేడాని బట్టి, ఎండ పడే వైపుని బట్టి రంగు మారిపోతుంది. ఎగిరే తీరు మాత్రం మారదు. అందుకని మొదటి రెండుసార్లు పుస్తకం తెరవకండి. ఎంత ఎత్తులో ఎగురుతోంది, రెక్కలు ఎలా పడుతోంది, గాలిలో ఆగుతోందా, ఎక్కడ వాలుతోంది, ఈ నాలుగూ చూసి నోటుబుక్కులో రాసుకోండి. ఇంటికొచ్చాక పుస్తకం తీస్తే సగం పేర్లు వాటంతట అవే తేలిపోతాయి.

పిల్లిగద్ద గడ్డికి మనిషెత్తు పైన, ఒక్కోసారి ఇంకా కిందుగా ఎగురుతుంది. రెక్కలు కొంచెం పైకెత్తి, చేటలా పట్టుకుని, అటూ ఇటూ ఒరుగుతూ, బీడు ఈ చివర నుంచి ఆ చివరికి నాగలి చాలు తీసినట్టు వెళ్ళి, మళ్ళీ పక్క చాలులో వెనక్కి వస్తుంది. దాని ముఖం చూసే అవకాశం దొరికితే వదలకండి. గుడ్లగూబ ముఖంలా చుట్టూ ఈకల వలయం ఉంటుంది. ఆ వలయం చప్పుడుని చెవుల్లోకి మళ్ళిస్తుంది. గడ్డిలో కనిపించని ఎలుకనీ, మిడతనీ అది కంటితో పాటు చెవితోనూ వెతుకుతుంది. ఉన్నట్టుండి రెక్కలు ముడిచి, వెనక్కి తిరిగి, కాళ్ళు ముందుకు చాచి గడ్డిలో పడిపోతుంది. పిల్లి అన్న పేరు దీనికి సరిగ్గా అతికిందనిపిస్తుంది నాకు.

మీరు చూసిన మిగతా వాటిలో అడవి రామదాసు ఉండే ఉంటుంది. పాత పక్షుల పుస్తకాల్లో బ్లాక్ వింగ్డ్ కైట్‌కి ఉన్న తెలుగు పేరు అది. ఎంత మంచి పేరో చూడండి, ఇప్పుడు ఎవరూ వాడడం లేదని బాధగా ఉంటుంది. కాకి కన్నా చిన్నది. తెల్లటి ఒళ్ళు, బూడిద రంగు వీపు, భుజాల మీద నల్లటి మచ్చ, ఎర్రటి కళ్ళు. కరెంటు తీగల మీద కూర్చుని తోక కిందికీ పైకీ ఆడిస్తుంటుంది. ఇది ఏడాది పొడవునా మనతోనే ఉండే పక్షి. గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, కాళ్ళు వేలాడేసి, రెక్కలు పైకెత్తి మెల్లగా మెట్లు దిగినట్టు దిగుతుంది.

గాలిలో అలా నిలబడేవి ఇంకో రెండున్నాయి. ఒకటి కెస్ట్రెల్. ఇటుక రంగు వీపు, పొడవాటి తోక. నిలబడినప్పుడు ఆ తోకని విసనకర్రలా పరుస్తుంది, తల మాత్రం మేకు కొట్టినట్టు కదలదు. రెండోది పాములగద్ద, షార్ట్ టోడ్ స్నేక్ ఈగిల్. ఇది చాలా పెద్దది. కింద నుంచి తెల్లగా, తల బండగా, కళ్ళు పసుపుగా ఉంటాయి. అంత పెద్ద పక్షి గాలిలో ఒకేచోట నిలబడడం మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు. పాముని పట్టిందంటే గాలిలోనే తల వైపు నుంచి మింగేస్తుంది. ముక్కులోంచి తోక వేలాడుతూ వెళ్ళే పాములగద్దని నేను రెండుసార్లు చూశాను.

రాయి మీదో, కంచె గుంజ మీదో గంటల తరబడి కదలకుండా కూర్చునేది వైట్ ఐడ్ బజ్జర్డ్. పేరుకు తగ్గట్టే దాని కన్ను తెల్లగా ఉంటుంది. తెల్లటి గొంతు మీద నల్లటి గీతలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ఊళ్ళో కోడిపిల్లల్ని తన్నుకుపోయే మామూలు గద్ద కూడా అక్కడ తిరుగుతుంది. దాని తోక చివర చీలి ఉంటుంది, మిగతా వాటిల్లో దేనికీ అలా ఉండదు. మీ ఐదారింట్లో రెండు అవే అయినా ఆశ్చర్యం లేదు.

సాళువ అన్న మాట మీరు వినే ఉంటారు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులో ఉన్నది వేటకి వాడే డేగే. లగ్గర్ ఫాల్కన్ లాంటి పెద్ద డేగలు ఒకప్పుడు రాయలసీమ గుట్టల మీద, బీళ్ళలో తరచుగా కనిపించేవి. ఇప్పుడు నాలుగైదు ఏళ్ళకొకసారి కనబడితే గొప్ప. తల ఇటుక రంగులో ఉండే రెడ్ నెక్డ్ ఫాల్కన్ మాత్రం తాటిచెట్లున్న చోట ఇంకా దొరుకుతుంది. ఆడా మగా జంటగా వేటాడతాయి. ఒకటి పిట్టల గుంపుని లేపుతుంది, రెండోది అడ్డం వస్తుంది.

ఇప్పుడు సాయంత్రం సంగతి.

పిల్లిగద్దలు పగలంతా దేనికది విడిగా వేటాడుకుంటాయి. శనగ చేలు, జొన్న చేలు, పడావు భూములు, ఎక్కడ పడితే అక్కడ. చీకటి పడేముందు మాత్రం చాలా దూరాల నుంచి వచ్చి ఒకే గడ్డి బీడులో దిగుతాయి. చెట్టు ఎక్కవు. మోకాలెత్తు గడ్డిలో నేల మీదే, దేని పడక అది తొక్కి చదును చేసుకుని పడుకుంటాయి. వేర్వేరు జాతులవి కూడా ఒకే చోట. దీన్ని నేను విడిది అంటుంటాను.

డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ సూర్యుడు ఐదుముక్కాలు, ఆరుంపావు మధ్య అస్తమిస్తాడు. మీరు నాలుగున్నరకల్లా స్థిరపడి ఉండాలి. విడిది ఏ వైపు ఉంటుందో అక్కడి వాచర్లకు తెలుసు. ఏడాదికేడాది కాస్త మారుతుంది, గడ్డి ఎక్కడ బాగా పెరిగితే అక్కడికి. వాళ్ళని అడిగి, విడిదికి రెండు మూడు వందల మీటర్ల దూరంలో, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా, ఏదైనా పొద పక్కన నేల మీద కూర్చోండి. నిలబడితే అంత దూరం నుంచి కూడా బెదురుతాయి. కూర్చున్నవాళ్ళని కాసేపటికి పట్టించుకోవడం మానేస్తాయి. వాచ్ టవర్ మీదైతే అందరూ ఒకేసారి ఎక్కి మాట్లాడుకుంటుంటారు, అందుకని నేను నేలనే ఇష్టపడతాను.

మొదట అరగంట ఏమీ ఉండదు. చాలామంది ఈ అరగంటలోనే లేచి వెళ్ళిపోతారు. ఆ సమయంలో బీడుకి ఆనుకుని ఉన్న దున్నిన పొలాల మీద బైనాక్యులర్ తిప్పండి. మట్టిపెళ్ళల్లా కనబడేవి కొన్ని మట్టిపెళ్ళలు కావు. పిల్లిగద్దలు నేరుగా విడిదికి రావు, ముందు ఖాళీ నేలలో దిగి కూర్చుని, ఈకలు సర్దుకుని, చుట్టూ చూసుకుంటాయి. నల్లరేగడి మీద బూడిద రంగు మగది తెల్లగా తెలిసిపోతుంది. గోధుమ రంగు ఆడవి మాత్రం తల తిప్పేదాకా తెలియవు.

తర్వాత ఒకటి లేస్తుంది. బీడు మీదికి వచ్చి రెండు చుట్లు తిరుగుతుంది, దిగదు. రెండోది కలుస్తుంది. పదో పన్నెండో అయ్యేసరికి ఇక అన్ని వైపుల నుంచి వస్తూనే ఉంటాయి, ఎర్రబడ్డ ఆకాశం ముందు, గడ్డి దుబ్బులకి రాసుకుంటున్నట్టు. ఒకటి దిగి, నచ్చక మళ్ళీ లేస్తుంది. ఒకటి దిగిన చోటే ఇంకోటి దిగబోతే కింది నుంచి అరుపు వినబడుతుంది. అప్పటిదాకా వీటి గొంతే వినలేదని మనకి అప్పుడు తడుతుంది. వెలుతురు పోయే చివరి పది నిమిషాల్లో వచ్చేవే ఎక్కువ. అప్పుడే ఇంకో పక్షి కూడా ఆ గడ్డిలోంచి లేస్తుంది, షార్ట్ ఇయర్డ్ ఔల్ అనే గుడ్లగూబ. అదీ చలికాలానికి వచ్చే వలస పక్షే, పగలంతా గడ్డిలోనే పడుకుంటుంది. అన్ని చలికాలాల్లోనూ కనబడదు. కనబడిన సాయంత్రం మాత్రం గద్దలు దిగుతుంటే గుడ్లగూబ లేవడం చూస్తాం, ఒకే గడ్డిని రెండు జట్లు పగలూ రాత్రీ పంచుకున్నట్టు. నా వరకు ఆ పది నిమిషాల కోసమే ఏడాదంతా ఎదురు చూస్తాను.

తిరిగి విడిదికి వచ్చే వేళ వెలుతురు తక్కువ కాబట్టి జాతుల తేడా పట్టుకోవడం కష్టం. అందుకని ఆ పని ఉదయమో, మూడు నాలుగు గంటల మధ్యో చేసుకోవాలి. మగవాటితో మొదలుపెట్టండి, సులువు. మాంటేగ్స్ మగదానికి రెక్క మీద మధ్యలో కాటుక గీసినట్టు ఒక నల్లటి గీత ఉంటుంది, రెక్క చివర నలుపు ఎక్కువగా పరుచుకుని ఉంటుంది, పక్కల ఇటుక రంగు చారలుంటాయి. ప్యాలిడ్ హ్యారియర్ మగది ఇంకా తెల్లగా, గీతలేమీ లేకుండా, రెక్క కొసన మాత్రం సన్నటి నల్లటి చీలికతో ఉంటుంది. ఈ ప్యాలిడ్ ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న జాతి, కనబడితే నాలుగు నిమిషాలు ఎక్కువ చూడండి. మార్ష్ హ్యారియర్ మిగతా రెండిటికన్నా పెద్దది, బరువుగా ఎగురుతుంది. ఆడదానికి ముదురు గోధుమ ఒంటి మీద మీగడ రంగు తల ఉంటుంది, నడుము దగ్గర తెల్ల పట్టీ ఉండదు. అలగనూరు రిజర్వాయర్ వైపు, నీళ్ళున్న చోట దీన్ని వెతకండి.

ఆడవాటిలో మాంటేగ్స్‌కీ ప్యాలిడ్‌కీ తేడా చెప్పడం నాకే చాలా ఏళ్ళు పట్టింది. బుగ్గ వెనక మెడ చుట్టూ లేత రంగు పట్టీ స్పష్టంగా ఉంటే ప్యాలిడ్, లేకుండా కంటి చుట్టూ తెలుపు ఎక్కువగా ఉంటే మాంటేగ్స్. అంతకు మించి పట్టుదలకి పోకండి. ముఖం సరిగ్గా కనబడలేదా, 'ఆడ పిల్లిగద్ద, మాంటేగ్స్ లేదా ప్యాలిడ్' అని రాసుకుని వదిలేయండి. తెలియనిదాన్ని తెలియదని రాసిన నోటుబుక్కే పదేళ్ళ తర్వాత పనికొస్తుంది. పొట్ట మీద చారలు లేకుండా నిండు నారింజ రంగులో ఉంటే అది ఆ ఏడాది పిల్ల, కజకిస్తాన్ నుంచి మొదటిసారి వచ్చినది.

ఉదయం వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. పిల్లిగద్దలు తెల్లవారుతూనే విడిది వదిలి వెళ్ళిపోతాయి, ఆరున్నరకి లేకపోతే అవి దొరకవు. పెద్ద గద్దలు అలా కాదు. నేల వేడెక్కి గాలి సుళ్ళు పైకి లేచేదాకా అవి పెద్దగా ఎగరవు, తొమ్మిదీ తొమ్మిదిన్నర దాకా చెట్ల మీద, గట్ల మీద కూర్చునే ఉంటాయి. టానీ ఈగిల్‌ని తీరిగ్గా చూడాలంటే ఏడు నుంచి తొమ్మిది మధ్య చూడాలి. అది ఇతర గద్దలు పట్టిన వేటని లాక్కుంటుంది కూడా. పిల్లిగద్ద వెంటపడి, అది ఎలుకని వదిలేసేదాకా తరిమే టానీని చూశారంటే ఆ పెద్ద ఒళ్ళు ఎంత చురుగ్గా తిరగగలదో తెలుస్తుంది. పది దాటాక అన్నీ ఆకాశంలో చుక్కలైపోతాయి. మీరు వెళ్ళింది సరిగ్గా ఆ తర్వాతే.

బైనాక్యులర్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లది కొనమని షాపులో చెబుతారు గానీ, గడ్డి మీద అటూ ఇటూ ఒరిగే పక్షిని దానిలో పట్టడం కొత్తవాళ్ళకి కష్టం, చెయ్యి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. సాయంత్రం మసక వెలుతురులో ఎనిమిది రెట్లదే ఎక్కువ కాంతినిస్తుంది. జూమ్ అవుతుందని చెప్పే రకాలు అసలు వద్దు. పాపకి విడిగా చిన్నది, తేలికైనది ఒకటి ఉంటే మంచిది, మీదే మార్చి మార్చి ఇస్తుంటే ఇద్దరికీ ఏమీ కనబడదు. ఫోటోల గురించి ఒక్కటే చెబుతాను. మొదటి సాయంత్రం కెమెరా కారులో వదిలేసి రండి.

అనుమతి లేకుండా లోపలికి వెళ్ళొద్దు. అటవీ శాఖ వాళ్ళతో ముందే మాట్లాడుకుని, సాయంత్రం చీకటి పడేదాకా ఉంటామని స్పష్టంగా చెప్పి వెళ్ళండి. కారు బాట దిగకూడదు. కారు ఆపాక అందులోంచి దిగకుండా చూస్తే గద్దలు మనిషికన్నా కారుకి తక్కువ బెదురుతాయి, పగటిపూట ఇదే మంచి పద్ధతి. డ్రోన్ ఎగరేయడం, ఫోన్‌లో పక్షి అరుపులు పెట్టడం పూర్తిగా మానాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబర్ సాయంత్రం, పక్షులు దిగడం మొదలైన వేళ, ఒక బండి నిండా మనుషులు దగ్గర నుంచి ఫోటో తీసుకుందామని నేరుగా గడ్డిలోకి తోలారు. అప్పటికే దిగిన నలభైకి పైగా పక్షులు ఒక్కసారిగా లేచాయి. చీకటి పడిపోయింది, అవి పైనే తిరుగుతున్నాయి. ఎక్కడ దిగాయో నాకు తెలియదు. చీకట్లో తెలియని నేల మీద దిగిన పక్షి నక్కకో, ఊరకుక్కకో దొరికిపోతుంది. ఆ తర్వాత వారం రోజులు అదే చోట కూర్చున్నాను, పది కూడా రాలేదు. ఆ బండిలో వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ గడ్డిలో పక్షులు పడుకుంటాయని వాళ్ళకి తెలియదు, అంతే. అందుకే అడిగిన ప్రతివాళ్ళకీ ఇంత పొడుగ్గా చెబుతుంటాను.

బట్టమేక గురించి కూడా అడిగారు కాబట్టి. ఆ అభయారణ్యం ఏర్పడిందే దాని కోసం, 1988లో, ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే ఉండి దాన్ని అధ్యయనం చేశారు. ఆ రోజుల్లో పిల్లిగద్దలు కూడా వందల్లో దిగేవి. ఇప్పుడు బట్టమేక అక్కడ కనబడి చాలా ఏళ్ళయింది, దేశంలో మిగిలినవి ఎక్కువగా రాజస్థాన్‌లోనే ఉన్నాయి. దాన్ని చూద్దామన్న ఆశతో రోళ్లపాడు వెళ్ళి నిరాశపడొద్దు.

బట్టమేక పోయి, పిల్లిగద్దలు తగ్గడం ఎందుకంటే, నాకు కనబడినంత వరకు ఒక్క కారణం కాదు. అభయారణ్యం కంచె లోపలి గడ్డి ఆ పక్షులకి ఎప్పుడూ సరిపోలేదు. అవి పడుకోవడం కంచె లోపల, తినడం చుట్టుపక్కల ఊళ్ళ పొలాల్లో. కొర్ర, జొన్న, వేరుశనగ వేసి, ఒక పంట తీసి, మిగతా కాలం పడావు పెట్టే భూములవి. కాలువ నీళ్ళు వచ్చాక ఏడాదికి రెండు పంటలొచ్చాయి, పత్తి, మిరప వచ్చాయి, వాటితో పాటు మందుల పిచికారీ వచ్చింది. రైతుని తప్పుపట్టే హక్కు నాకు లేదు, మా ఇంట్లోనూ అదే చేశాం. కానీ మిడత చచ్చిన చేను మీద పిల్లిగద్ద ఎంతసేపు తిరిగినా కడుపు నిండదు. ఆ మిడతల్నే అది రోజంతా ఏరి తినేది, మన పైసా ఖర్చు లేకుండా.

రెండోది బీడు అన్న మాటే. రికార్డుల్లో అది బంజరు. బంజరు అంటే దేనికీ పనికిరాని నేల అనుకుని, ఒకళ్ళు మొక్కలు నాటుదామంటారు, ఒకళ్ళు సోలార్ పలకలు పరుద్దామంటారు. సర్కారు తుమ్మ ఎవరూ అడగకుండానే వచ్చి కమ్ముకుంటుంది. గడ్డి బీడులో చెట్లు నాటడం మంచి పనే అనుకునేవాళ్ళు చాలామంది. నేల మీద పడుకునే పక్షికి చుట్టూ దూరం కనబడాలి, చెట్టు వచ్చిందంటే దాని చాటున నక్క వస్తుంది, కొమ్మ మీద పెద్ద గుడ్లగూబ వస్తుంది. ఒక హరితహారం ఫోటో కోసం నిండుగా ఉన్న గడ్డిని గుంతలు తీసి పాడుచేయడం చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

రోళ్లపాడు మీకు దూరమైతే, హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు ఎన్కతల బీళ్ళు ఉన్నాయి. నగరంలోని పక్షి ప్రేమికులు చలికాలం ఆదివారాలు అక్కడికే వెళ్తుంటారు. పిల్లిగద్దలు, అడవి రామదాసు, కెస్ట్రెల్ అక్కడా చూడొచ్చు. ఎప్పుడైనా గుజరాత్ వెళ్తే భావ్‌నగర్ దగ్గర వేళావదర్ కృష్ణజింకల జాతీయ ఉద్యానవనం వదలకండి. ముప్పై నాలుగు చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం, ప్రపంచంలోని అతి పెద్ద పిల్లిగద్దల విడిదుల్లో ఒకటి. నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను. మన రోళ్లపాడు ఒకప్పుడు ఎలా ఉండేదని పెద్దవాళ్ళు చెప్పేవారో అది అక్కడ కళ్ళారా చూశాను.

పాపను తప్పకుండా తీసుకెళ్ళండి. చలి బట్టలు, ముదురు ఆకుపచ్చవో మట్టి రంగువో వేయండి, తెల్లవీ ఎర్రవీ వద్దు. కూర్చోవడానికి దళసరి దుప్పటి, కాళ్ళకి నిండు బూట్లు. గడ్డిలో పాములుంటాయి, కూర్చునే ముందు కర్రతో చోటు తట్టి చూడండి. ఎనిమిదేళ్ళ పిల్ల గంటన్నర కదలకుండా కూర్చోవాలంటే చేతిలో పనుండాలి. లెక్కపెట్టే పని ఆమెకి ఇవ్వండి. గడ్డిలోకి దిగిన ప్రతి పక్షికి ఒక శనగగింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి, దిగినది మళ్ళీ లేస్తే ఒక గింజ వెనక్కి. మేము చిన్నప్పుడు కళ్ళంలో బస్తాలు ఇలాగే లెక్కపెట్టేవాళ్ళం, తప్పు పోదు. పూర్తిగా చీకటి పడ్డాక పది నిమిషాలు ఆగి, టార్చి నేల వైపే పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి నడవండి. కారు బయటి బాట ఎక్కేదాకా హెడ్‌లైట్లు కిందికి దించి ఉంచండి, కృష్ణజింకలు అడ్డం వస్తాయి. గింజలు కారులో లెక్కపెట్టుకుని, తేదీ, దిగడం మొదలైన సమయం, చివరిది దిగిన సమయం పక్కన ఆ సంఖ్య రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఇక్కడా రాయండి, అదే వారం నా లెక్కతో సరిపోల్చి చూద్దాం.